అటక దించడం ఒక్కపూట పని కాదు

ఇల్లు ఖాళీ చెయ్యడమంటే మీకిప్పుడు ఒక ఫోను, ఒక ట్రాలీ ఆటో, ఒక మధ్యాహ్నం. అమెరికా నుంచో బెంగుళూరు నుంచో నాలుగు రోజుల సెలవు మీద దిగుతారు. తాతల నాటి ఇంటి తాళం తీస్తారు. ముక్కుకి రుమాలు కట్టుకుని, వాకిట్లో నిలబడిన పాత సామాన్లవాణ్ణి "అంతా కలిపి ఎంతిస్తావ్?" అని అడుగుతారు. గంగాళమూ, వామనగుంటల పీటా, తాతగారి పుస్తకాల బీరువా, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, అన్నీ ఒకే బేరం! నాకు ఒళ్ళు మండిపోతుంది నాయనా.

మా రోజుల్లో ఇంట్లోంచి ఒక వస్తువు గడప దాటాలంటే అది ఎవరి చేతికి పోతుందో ముందు తేలాలి. అది తేలడానికి ఏడాది పట్టినా ఎవరికీ తొందరుండేది కాదు. మా గోదావరి వైపు బిందె చిల్లుపడితే తణుకు దగ్గర అజ్జరం గుర్తొచ్చేది. ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరది. చొట్టపోయిన గుండిగ తూకం వేసి ఇచ్చి, పైన మజూరీ కట్టి, కొత్త బిందె బండిలో పెట్టుకుని వచ్చేవాళ్ళం. మా మేనత్త ఆ బిందెని వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, తలాడిస్తే గానీ బండి కదిలేది కాదు. లోపల కళాయి పోయిందని గిన్నె పారేసిన ఇల్లు నేనెరగను. కళాయివాడు వీధిలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదుతూ గిన్నె కాచేవాడు. కాగాక నవాసారం చల్లి, తగరం అంటించి, దూదితో ఒక్క తిప్పు తిప్పాడంటే గిన్నె తళతళలాడేది. ఆ పొగ ఘాటుకి దగ్గుతూ కూడా పిల్లలం అక్కణ్ణించి కదిలేవాళ్ళం కాదు.

ఇప్పుడు వినండి, పనికొచ్చే మాట చెబుతున్నాను. రాగి, ఇత్తడి, కంచు మూడూ వేరువేరుగా పెట్టండి. ఇత్తడిలో రాగితో పాటు జింకు ఉంటుంది, కంచులో రాగితో పాటు తగరం ఉంటుంది. మూడూ ఒక గోతాంలో పోస్తే అన్నిటికీ ఇత్తడి రేటే కడతాడు. వేలితో కొడితే మోత ఆగకుండా సాగేది కంచు. అసలు అమ్మే ముందు పిన్నమ్మల్నీ, మేనకోడళ్ళనీ ఒకసారి అడగండి. దేవుడి గదిలో పెట్టుకునేవాళ్ళు ఒకరైనా ఉంటారు.

ఈ పాడు మీతోనే మొదలైందని అనను. స్టీలు వచ్చిన కొత్తలో మా ఇళ్ళల్లో ఆడవాళ్ళే కాగులూ గంగాళాలూ ఇచ్చేసి స్టీలు గిన్నెలు తీసుకున్నారు. వాటిని చింతపండు పెట్టి తోమింది వాళ్ళు, నీళ్ళతో నింపి మోసింది వాళ్ళు. నేను ఏనాడూ తోమలేదు. కాబట్టి వాళ్ళని పల్లెత్తు మాట అనే హక్కు నాకు లేదు. మీకు మాత్రం ఆ సాకు లేదు.

బట్టల సంగతి చూడండి. చిరిగిన నేతచీరలు బొంతలయ్యేవి, మెత్తబడ్డ పంచెలు పసిపిల్లల కిందికి పక్కగుడ్డలయ్యేవి. పట్టుచీర ఎంత చీకిపోయినా దాని జరీ కోసం వీధిలోకి మనిషి వచ్చేవాడు. చీరని కాల్చి అందులోని వెండి తీసుకునేవాడు. ఈనాటి చీరల జరీ చాలావరకు రాగీ, ప్లాస్టిక్కూనూ. దాన్ని కాలిస్తే మిగిలేది కంపే.

కలప కూడా అంతే. మండువా లోగిలి విప్పితే దూలాలు, వాసాలు, ద్వారబంధాలు మరో ఇంటికి పోయి మరో తరం ఉండేవి. ఎందుకూ పనికిరాని పుల్లాపుడకా ఉంటే భోగి దాకా దాచి తెల్లవారుజామున మంటలో వేసేవాళ్ళం. మీరు వాయిదాల మీద కొనే ఆ రంపపు పొట్టు బీరువా ఒక్క వానకి ఉబ్బిపోతుంది. పాత సామాన్లవాడు కూడా దాన్ని ముట్టుకోడు. భోగిమంటలో వేద్దామా అంటే పైన ప్లాస్టిక్ పొర, లోపల జిగురు. దయచేసి వెయ్యకండి, పిల్లలు చుట్టూ నిలబడతారు.

ఒక్క విషయంలో మాత్రం కొత్త పద్ధతే నయం. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త వేరుచెయ్యాలని 2016 నాటి నిబంధనలు చెప్పాయి. సరిగ్గానే చెప్పాయి. ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఉంటుంది, పాత టీవీ పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. వాటిని అన్నిటితో పాటు ట్రాలీలోకి విసిరితే, ఎక్కడో ఒక కుర్రాడు రాగి కోసం వైర్లు కాలుస్తూ ఆ విషమంతా పీలుస్తాడు. కరెంటు సామాన్లు రీసైక్లింగ్ అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వండి, నాలుగు రూపాయలు తక్కువొచ్చినా సరే. పాత పేపర్లలో పకోడీలు కట్టడం సిరా వల్ల మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. ఆ పొట్లాల మీద నాకెంత ప్రేమ ఉన్నా ఆ మాటా ఒప్పుకుంటాను.

ఇక కాగితాలు. నా గోలంతా వీటి గురించే. మా ముందుతరాల వాళ్ళు తాళపత్రాల కట్టల్ని ఎవరికీ చదవడం రాదని ఏట్లో కలిపేశారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, మానవల్లి రామకృష్ణకవి లాంటి వాళ్ళు వెతికి వెతికి పోగుచెయ్యబట్టి కొన్నయినా మిగిలాయి. నన్నెచోడుడి కుమారసంభవం అచ్చులోకొచ్చింది 1909లో. అప్పటిదాకా అది ఎవరి కంటా పడకుండా ఉన్న కావ్యం. మీ తాతగారి బీరువాలో కావ్యాలు లేకపోవచ్చు, పాత వారపత్రికలు ఉండొచ్చు. వాటిని కిలోల లెక్కన ఇచ్చే ముందు ఒక గ్రంథాలయానికి ఉత్తరం ముక్క రాయండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచీ ఉంది. పాత పత్రికల కోసం పరిశోధకులు ఇవాళ్టికీ అక్కడికి వెళతారు. వాళ్ళకి అక్కర్లేనివి హైదరాబాదులో అయితే ఆదివారం నాడు అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ళకి చూపించండి. కనీసం చదివేవాడి చేతికి పోతాయి.

అంతకంటే ముందు ప్రతి పుస్తకమూ తెరిచి దులపండి. రామాయణం పేజీల మధ్య పొలం దస్తావేజు నకలు, శిస్తు రసీదు, నోట్లు, పెళ్ళి శుభలేఖ వెనక రాసుకున్న అప్పుల లెక్క, అన్నీ అక్కడే ఉంటాయి. మాకు బ్యాంకు లాకర్లు లేవు మరి. అందులో పేర్లు మీకు తెలియకపోతే వీధి చివర ముసలాయన్ని పిలవండి, చెబుతాడు. ఆ పని అయ్యేదాకా కాటా దింపనివ్వకండి. పాత సామాన్లవాణ్ణి మర్నాడు రమ్మనండి. వస్తాడు.