దొంగతనమే యువరానర్, దురుద్దేశం కాదు

అమెరికా కోర్టుల్లో కొన్నేళ్లుగా ఒక వింత ముద్దాయి కనిపిస్తున్నాడు. నేరం ఒప్పుకుని బయటపడటం ఆయన ప్రత్యేకత. "అవునండీ, అవతలి పార్టీ గెలవకూడదనే నియోజకవర్గాల గీతలు ఇలా తిప్పాం" అని రొమ్ము విరుచుకుని చెప్తాడు. "హమ్మయ్య, నల్లవాళ్లని చూసి తిప్పారేమోనని హడలిపోయాం. పార్టీ కోసమేగా, వెళ్లిరండి" అంటుంది న్యాయపీఠం.

వెటకారం అనుకుంటే నార్త్ కరోలినా సంగతి వినండి. జాతి లెక్కలు చూసి గీశారని 2016లో ఫెడరల్ కోర్టు ఆ రాష్ట్రపు కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) నియోజకవర్గాల మ్యాపును కొట్టేసింది. కొత్తది గీసే బాధ్యత తీసుకున్న రిపబ్లికన్ నాయకుడు డేవిడ్ లూయిస్ ఈసారి జాగ్రత్తపడ్డాడు. మొత్తం 13 సీట్లలో మా పార్టీకి 10, అవతలివాళ్లకి 3 వచ్చేలా గీద్దామని కమిటీలోనే ప్రతిపాదించాడు. అంత ఉదారంగా మూడెందుకు వదిలారంటే, 11–2 వచ్చేలా గీయడం సాధ్యమని తనకు నమ్మకం లేదట! ఆ ఏడాది ఫలితాలు అక్షరాలా 10–3. మన దగ్గర ఎగ్జిట్ పోల్స్ చేసేవాళ్లు ఈయన దగ్గర శిష్యరికం చెయ్యాలి.

ఆ మ్యాపు మీద వేసిన కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2019లో 5–4 తీర్పు. ఇలాంటి గీతలు అన్యాయంగానే కనిపిస్తాయని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఒప్పుకున్నారు. అయితే ఎంత పక్షపాతమైతే మరీ ఎక్కువో తేల్చే కొలబద్ద ఫెడరల్ కోర్టుల దగ్గర లేదన్నారు. అదే తీర్పులో మేరీలాండ్ డెమోక్రాట్ల మ్యాపు కూడా గట్టెక్కింది. అక్కడ గవర్నరుగా చేసిన మార్టిన్ ఓమాలీ, ఆరో నియోజకవర్గాన్ని రిపబ్లికన్ల చేతిలోంచి లాగాలనే అలా గీశామని ప్రమాణం చేసి మరీ చెప్పాడు. నిజాయితీలో దొందూ దొందే.

అసలు చిక్కంతా ఇక్కడుంది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఓటర్లలో అత్యధికులు డెమోక్రాట్లకే ఓటేస్తారు. అలాంటప్పుడు "పార్టీ చూశాం గానీ రంగు చూడలేదు" అన్న మాటను పరీక్షించాలంటే న్యాయమూర్తులు పాలనూ నీళ్లనూ వేరుచేసే హంసలై ఉండాలి. సౌత్ కరోలినాలో చార్లెస్టన్ ప్రాంతానికి చెందిన 30 వేల మందికి పైగా నల్లజాతివారిని ఒకటో నియోజకవర్గంలోంచి తీసి ఆరో దాంట్లో వేశారు. ఒకటో సీటు రిపబ్లికన్లకు పదిలమైంది. కింది కోర్టు ఇది జాతి వివక్షేనంది. 2024లో సుప్రీంకోర్టు 6–3తో కాదు, రాజకీయమేనంది. శాసనసభ సదుద్దేశంతోనే గీసిందని ముందుగా నమ్మాలట! ఓటరు గుర్తింపు కార్డు చూపించాలి గానీ, గీత గీసేవాడి సదుద్దేశానికి ఏ కార్డూ అక్కర్లేదు.

సిద్ధాంతం ఇంత పక్కాగా ఉంటే, 2025లో టెక్సాస్‌లో రిపబ్లికన్ల సొంతవాళ్లే దాన్ని గందరగోళం చేశారు. మామూలుగా పదేళ్లకోసారి, జనగణన తర్వాత గీతలు మారతాయి. ట్రంప్ గారికి అయిదు సీట్లు కావాలనిపించింది కాబట్టి నడిమధ్యలోనే మార్చారు. అంతవరకూ "శుద్ధ రాజకీయమే" కదా, భయం లేదు. కానీ కేంద్ర న్యాయశాఖ ఉత్సాహం పట్టలేక, నాలుగు నియోజకవర్గాల జాతి కూర్పును తప్పుపడుతూ ఉత్తరం రాసేసింది. పలకకూడని మాట కాగితమెక్కింది! నవంబరులో ముగ్గురు జడ్జిల ధర్మాసనం 2–1తో మ్యాపును ఆపింది. తీర్పు రాసిన జడ్జి ట్రంప్ నియమించినవాడే. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. టెక్సాసూ, దానికి జవాబుగా కాలిఫోర్నియా, మ్యాపులు మార్చింది పార్టీ లాభం కోసమేనని జస్టిస్ అలిటో విడిగా రాశారు. మచ్చ పోయింది.

కాలిఫోర్నియా కథా చెప్పుకోవాలి. అక్కడి ఓటర్లు 2010లో కాంగ్రెస్ నియోజకవర్గాల గీతలను రాజకీయుల చేతుల్లోంచి లాగి స్వతంత్ర కమిషన్‌కిచ్చారు. 2025 నవంబరులో అదే ఓటర్లు, ప్రజాస్వామ్యాన్ని కాపాడటానికని, ఆ కమిషన్ మ్యాపును 2030 దాకా అటకెక్కించారు. అంతకుముందు ఆగస్టులో టెక్సాస్ శాసనసభలోని డెమోక్రాట్లు, కొత్త మ్యాపు మీద ఓటింగుకు కోరం లేకుండా చెయ్యాలని రాష్ట్రం వదిలి ఇల్లినాయ్‌కి వెళ్లారు. అన్యాయపు గీతల మీద పోరాడటానికి వెళ్లింది ఎక్కడికీ అంటే, డెమోక్రాట్లు తమకు అనుకూలంగా వంకరటింకరగా గీసుకున్న రాష్ట్రానికి.

వంకరంటే గుర్తొచ్చింది. పెన్సిల్వేనియాలో 2011లో గీసిన ఏడో నియోజకవర్గం ఒకచోట సన్నబడి సన్నబడి, ఒక సీఫుడ్ రెస్టారెంటు వెడల్పుకు వచ్చింది. ఇటు జనమూ అటు జనమూ ఒకే ప్రతినిధిని ఎన్నుకోవడానికి మధ్యలో ఆ హోటలే వారధి. 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు, రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం, ఆ మ్యాపును కొట్టేసింది. ఫెడరల్ కోర్టుకు దొరకని కొలబద్ద వీళ్లకు దొరికిందన్నమాట.

ఇదంతా మనకెందుకంటారా? టెక్సాస్‌లో ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ నిండా మనవాళ్లే. హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు గానీ తలలెక్కలో చోటుంది. మొత్తం జనాభాను బట్టి గీయవచ్చని 2016లో టెక్సాస్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. అంటే గీత గీసేవాడికి మీ తల కావాలి, మీ మాట అక్కర్లేదు. పౌరసత్వం వచ్చినవాళ్లకు మాత్రం ఒక మనవి: మీ ఓటరు కార్డు మీద కాంగ్రెస్ నియోజకవర్గం నంబరు ఉంటుంది. ఈసారి ఓటేసే ముందు చూసుకోండి. నంబరు పాతదే అయినా, గీత ఎటు జరిగిందో మ్యాపు తీసి చూడండి.