లోపల చెయ్యి పెట్టి చూశారా?

ఒరే అబ్బాయ్, నీ కారు టైరులో మేకు దిగినా ఆగక్కర్లేదని అంత గొప్పగా చెబుతావెందుకు? ఆ ఆగకపోవడమే నాకు నచ్చనిది. మా రోజుల్లో మేకు దిగిందంటే బండి ఓ పక్కకి లాగేది, స్టీరింగు పట్టుకున్న చేతికే తెలిసిపోయేది, ఫర్లాంగు పోకముందే ఏ చింతచెట్టు కిందో ఆపేవాళ్లం. ఇప్పుడు మీ బండిలో స్పీడు మీటరు పక్కన పసుపుపచ్చ దీపం ఒకటి వెలుగుతుంది, మీరు పాటలు వింటూ పోతూనే ఉంటారు.

మా అల్లుడు కొన్న జర్మనీ కారుకీ ఇవే, రన్‌ఫ్లాట్ టైర్లు. పక్కగోడల లోపల గట్టి రబ్బరు మందంగా పోసి ఉంటుంది. గాలంతా పోయినా ఆ గోడలే బండి బరువు మోస్తాయి. మోస్తాయి కదా అని ఎంత దూరమైనా మోయవు. చాలా కంపెనీలు చెప్పే లెక్క 80 కిలోమీటర్లు, అదీ గంటకి 80 దాటకుండా. బండి నిండా జనం, డిక్కీ నిండా సామాను ఉంటే అంత కూడా రాదు. అంటే సూర్యాపేటలో దీపం వెలిగితే హైదరాబాదు చేరవన్నమాట. ఇదంతా కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం కవరు కూడా విప్పకుండా డాష్‌బోర్డు అరలో పడేస్తారు, ఇక ఎవరికి తెలుస్తుంది?

మా అంబాసిడర్‌కి ఈ దీపాలేమీ లేవు. బయల్దేరే ముందు నాలుగు టైర్లనీ కాలితో తన్ని చూసేవాణ్ణి. లారీ డ్రైవర్లయితే ఇనపరాడ్డుతో కొట్టి, మోతని బట్టే జంట టైర్లలో లోపలిది దిగిపోయిందో లేదో చెప్పేవాళ్లు. తెల్లవారుజామున లారీ స్టాండు పక్కనుంచి పోతుంటే ఆ మోతలు వినబడేవి, ఇప్పుడు ఎవరు కొడుతున్నారు! మీ టైరుని తన్నినా ఏం చెప్పదు. గాలి పూర్తిగా పోయినా గోడ నిలబడే ఉంటుంది గనక కంటికి కాస్త దిగినట్టు కనిపిస్తుందంతే. అందుకే ఈ టైర్లున్న కారుకి గాలి తగ్గితే చెప్పే యంత్రం తప్పనిసరి అయింది. కన్నూ కాలూ చేసే పనిని దీపానికి అప్పగించాక, ఆ దీపాన్నయినా లెక్కచెయ్యాలా వద్దా?

విజయవాడ నుంచి వస్తుంటే జగ్గయ్యపేట దాటాక ఓ పంక్చరు కొట్టుండేది. వేపచెట్టుకి పాత టైరు వేలాడదీసి ఉంటే అదే బోర్డు. కొట్టాయనది కేరళ. తెలుగులో సగం మలయాళం కలిసేది, అయినా మాకేం అడ్డురాలేదు. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నల్లటి నీళ్ల తొట్టిలో ముంచి కొంచెం కొంచెం తిప్పుతూ పోయేవాడు. బుడగలు లేచిన చోట పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకునేవాడు. ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా బీడీ వెలిగించుకుని మిరప ధర ఎంతుందని మమ్మల్ని అడిగేవాడు. మా ఆవిడ ఈలోగా పిల్లల్ని చెట్టుకింద కూర్చోబెట్టి పులిహోర పొట్లాలు విప్పేది. తొందరేముంది? పెళ్లికైనా ముహూర్తం దాకా టైముండేది మాకు, ముందురోజే బయల్దేరేవాళ్లం గనక.

ఆయన చేసే పనిలో నాకు ముఖ్యమైంది ఆ అతుకు కాదు. ట్యూబు మళ్లీ ఎక్కించే ముందు ఖాళీ టైరు లోపల అరచెయ్యి పెట్టి, చుట్టూ నెమ్మదిగా ఓ తిప్పు తిప్పేవాడు. ముల్లు మొన మిగిలిందా, లోపలి దారాలు తెగాయా, ఎక్కడైనా ఉబ్బుందా అన్నీ ఆ చేతికే తగిలేవి. అలా తిప్పకుండా ఒక్క టైరు కూడా మూసిన పాపాన పోలేదాయన. అప్పుడప్పుడు వేలు కోసుకునేది, అయినా మానలేదు.

ఇప్పటి కొట్లలో ఆ చెయ్యి ఏది? బండి మీదనుంచి చక్రమైనా తియ్యరు. మేకు పీకి, ఆ చిల్లులోకి బంక పూసిన తాడుముక్క దూర్చి, మిగిలింది కోసేసి, అయిదు నిమిషాల్లో పొమ్మంటారు. మీకూ అదే కావాలి. అల్లుడికీ అలాగే చేసి పంపారు. అతను దీపం వెలిగాక కూడా చాలా దూరం నడిపాడని వాళ్లు అడగలేదు, ఇతనూ చెప్పలేదు. నేను పట్టుబట్టి ఇంకో కొట్లో ఊడదీయిస్తే, టైరు లోపలినుంచి రబ్బరు కాఫీపొడిలా రాలింది. గాలి లేకుండా తిరిగినప్పుడు ఆ పక్కగోడలు చుట్టుచుట్టుకీ వంగి లేస్తుంటాయి, ఆ వంగడానికి వేడెక్కి లోపల్లోపలే నలిగి పొడవుతాయి. బయటినుంచి చూస్తే నిగనిగలాడుతూ కొత్తదానిలాగే ఉంటుంది. దానికి తాడుముక్క దూర్చి నిండా గాలి కొట్టి, మా అమ్మాయినీ పిల్లల్నీ ఎక్కించుకుని హైవే మీద నూరు దాటించేవాళ్లు! నాకు కోపం రాదూ?

టైరుకి గాలి ఎందుకు పెట్టారో కూడా మరిచిపోయారు. బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపు తగ్గాలనే కదా రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టింది, 1888లో పేటెంటు తీసుకున్నది. మళ్లీ మీరు గోడల్ని బిగదీసి ఆ కుదుపుని వెనక్కి తెచ్చుకున్నారు. అల్లుడి కారులో కూర్చుంటే మన ఊరి రోడ్డు మీది గుంటలన్నీ నా నడుము లెక్కపెడుతుంది. గుంట అంచు గట్టిగా తగిలిందా, గోడ కోసుకుపోవడమో పక్కన బుడిపె లేవడమో జరుగుతుంది. దానికి మందు లేదు, కొత్త టైరే. దాని ధరకి ఆ రోజుల్లో అంబాసిడర్‌కి నాలుగు టైర్లూ ట్యూబులతో సహా వేయించి, ఇంకా ఇంటికి బియ్యం బస్తాలు తెచ్చేవాణ్ణి.

సరే, ఒక్కటి మాత్రం కాదనను. రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒంటరిగా వస్తున్న ఆడపిల్ల, లారీలు దూసుకుపోతుంటే రోడ్డు అంచున జాకీ పెట్టుకుని కూర్చోకుండా, వెలుతురూ మనుషులూ ఉన్నచోటి దాకా బండి నడుపుకుని రాగలిగితే అది మేలే. మా చింతచెట్టు నీడ అక్కడ లేదు. జాకీ తిప్పే ఓపిక నాకూ ఇప్పుడు లేదు. కానీ ఆ టైరు ఇచ్చిన గడువు మనుషులున్న చోటికి చేరడానికి, వచ్చే వారం తీరిక దొరికినప్పుడు చూసుకుందాంలే అని వదిలెయ్యడానికి కాదు.

గాలి పోయినా బండి నడుస్తుందన్న నమ్మకంతోనే డిక్కీలోంచి స్టెపినీ తీసేశారు. సర్కారు కూడా ఊ అంది. 2020లో నిబంధనలు సవరించి, ట్యూబులెస్ టైర్లూ గాలి తగ్గితే చెప్పే యంత్రమూ పంక్చరు వేసుకునే సామానూ ఉన్న కార్లకి స్టెపినీ అక్కర్లేదంది. స్టెపినీ లేకుండా ఊరు దాటడమంటే మా నాన్న నన్ను గడప దాటనిచ్చేవాడు కాదు. రన్‌ఫ్లాట్ టైరు మామూలు కొట్లో లీవర్లతో ఊడి రాదు. గోడ అంత బిగువు. దానికి తగ్గ మిషనుండాలి, అది ప్రతి ఊళ్లోనూ ఉండదు. చిన్న ఊళ్లో ఆ సైజు టైరూ దొరకదు. కాబట్టి నీ కారుకి సరిపోయే సన్నటి స్టెపినీ, జాకీ, స్పానరు కొని డిక్కీలో పడెయ్. సూట్‌కేసు ఒకటి తగ్గితే ఏం మునిగిపోదు.

కొట్టుకి వెళ్లగానే దీపం ఎక్కడ వెలిగింది, అక్కణ్ణించి ఎంత దూరం ఎంత స్పీడులో వచ్చావో ముందు చెప్పు. దాచకు. గాలి లేకుండా నడిపిన టైరైతే చాలా కంపెనీలు బాగుచెయ్యొద్దనే అంటాయి, కొన్నయితే రన్‌ఫ్లాట్‌కి అసలు పంక్చరే వెయ్యొద్దంటాయి. గాలి పోకముందే పట్టుకుని, చిల్లు నేలకి ఆనే పట్టీ మధ్యలో ఉండి, 6 మిల్లీమీటర్లకి మించకపోతే, మీ కంపెనీ వద్దనకపోతే, రిమ్ము నుంచి ఊడదీయించి లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించు. ఊడదీస్తున్నంతసేపూ పక్కనే నిలబడు, ఫోను జేబులో పెట్టు. నీ చెయ్యి పెట్టి లోపలంతా ఓ తిప్పు తిప్పి చూడు, పొడి అంటిందా లేదా అని. ఊడదియ్యక్కర్లేదు, తాడుముక్క చాలన్నాడా, స్టెపినీ బిగించుకుని ఇంకో కొట్టుకి పో.