పలక బండి పద్యం: టీకా తాత్పర్య సహితం

రంగు లేదు మేన, రాగమ్ము వినరాదు
తెరయు లేదు, దాని తెరువు వేరు
అంగడేల నడుమ, నద్దెలు నెలకేల
కొన్నవాఁడె బండి కొక్క రాజు

పద్యం ముందు, టీక వెనక రావడం లోకాచారం. ఇక్కడ టీకాకారుడే ముందుగా పీట వేసుకుని కూర్చుని, వ్యాఖ్యానించడానికి ఏమీ దొరక్క పై ఆటవెలదిని అల్లుకున్నాడు. అందువల్ల కవి కాలం, నివాసం, ఆశ్రయమిచ్చిన రాజు వగైరాల మీద పండితులు కొట్టుకునే పని తప్పింది.

పద్యం కల్పితమే గాని వస్తువు కల్పితం కాదు. స్లేట్ ఆటో అనే అమెరికన్ కంపెనీ 2025 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఆవిష్కరించిన ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు ఇది. ముందు రెండు సీట్లు, వెనక అయిదడుగుల తొట్టి. డబ్బు పెట్టినవాళ్ళలో అమెజాన్ జెఫ్ బెజోస్ ఒకరు. మార్కాపురం పలకలాగా ఖాళీగా చేతికిస్తాం, ఏం రాసుకుంటారో మీ ఇష్టం అన్నది ఆ పేరులోని ఉద్దేశం.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మన కొల్చారం మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు. ఆ నియమంలో రెండో సగాన్ని పాటించింది వ్యాఖ్య కాదు, బండి.

రంగు లేదు మేన: మేన అనగా ఒంటి మీద. కార్ల ఫ్యాక్టరీలో ఉక్కు రేకుల్ని నొక్కే భారీ ప్రెస్సులు, ఆ రేకులకు రంగు వేసే షాపు బాగా డబ్బు మింగే భాగాలు. స్లేట్ ఈ రెండూ వద్దనుకుంది. లోపలి చట్రం ఉక్కుదే. పైతొడుగు మాత్రం అచ్చుపోసిన ప్లాస్టిక్ పలకలు. వాటి బూడిద రంగు పైపూత కాదు, పదార్థంలోనే కలిపేసింది. కాబట్టి సందులో గోడకి రాసుకుపోయినా గీత కింద నుంచి ఇంకో రంగు తొంగిచూడదు.

శంక: బూడిద రంగు మాత్రం రంగు కాదా? సమాధానం: రంగు లేకపోవడం కాదు, రంగు వేయకపోవడం కవి వివక్ష. ఎరుపో పసుపో కావాలనుకున్నవాడు వినైల్ తొడుగు తెప్పించుకుని ఇంటి ముందే తానే అతికించుకోవచ్చని కంపెనీ చెబుతోంది. ఫోను మీద స్క్రీన్‌గార్డును బుడగ రాకుండా అతికించలేని మనుషుల చేతికి బానెట్‌నే అప్పగించడంలో కొంత హాస్యరసం ఉన్నట్టు తోస్తుంది.

రాగమ్ము వినరాదు: రేడియో లేదు, స్పీకర్లు లేవు. పాట కావాలంటే ఫోను, దానికి తోడు ఓ బ్లూటూత్ స్పీకరు. అద్దాలు కూడా చేత్తో తిప్పేవే. తలుపుకి పిడి, పిడి చివర గుండీ, గిరగిరా తిప్పితే అద్దం దిగుతుంది. ఎదురుగాలికి విసుగుపుట్టి మళ్ళీ తిప్పితే ఎక్కుతుంది. పాత మారుతి 800లో తిరిగినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. ఏసీ ఉంది. అంతవరకు కవి దయాళువు.

తెరయు లేదు: 'యు' అనే సముచ్చయం వల్ల లేనివాటి పట్టిక ఇంకా పెద్దదని గ్రహించాలి. ఈమధ్య కార్లలో డ్యాష్‌బోర్డు మధ్య టీవీ అంత తెర పెట్టి, ఏసీ తగ్గించడానికి కూడా అందులోకి వేలు పెట్టిస్తున్నారు. ఇందులో ఏసీకి మరలున్నాయి. దారి చూపడానికి ఫోను నిలబెట్టే స్టాండు ఉంది.

ఇక్కడ పూర్వపక్షులు గట్టిగా లేస్తారు. అమెరికాలో 2018 మే నుంచి ప్రతి కొత్త కారుకీ, చిన్న ట్రక్కుకీ వెనకవైపు కెమెరా ఉండి తీరాలి. కెమెరా ఉంటే బొమ్మ చూపడానికి తెర ఉండాలి కదా? ఉంది. స్టీరింగు వెనక స్పీడు చూపించే చిన్న పలక ఒకటుంది, రివర్సు వేసినప్పుడు కెమెరా బొమ్మ అందులోనే పడుతుంది. కనుక 'తెర లేదు' అన్నచోట 'వినోదార్థమైన తెర లేదు' అని అధ్యాహారం చేసుకోవాలి. చట్టం అడిగినంత తెరే పెట్టి, ఒక్క అంగుళం కూడా ఎక్కువ ఇవ్వకపోవడం ఈ బండి స్వభావాన్ని దాని ప్రకటనలకన్నా బాగా పట్టిస్తుంది.

దాని తెరువు వేరు: తెరువు అనగా దారి. ఎంత దారి? 2025లో ప్రకటించిన లెక్క ప్రకారం 52.7 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో ఒక చార్జికి 150 మైళ్ళు, అంటే 240 కిలోమీటర్లు. అదనంగా చెల్లిస్తే 84.3 బ్యాటరీ, 240 మైళ్ళు. మోటారు 201 హార్స్‌పవర్, తోసేది వెనక చక్రాలను. మోత సుమారు 1,400 పౌండ్లు. వెనక తగిలించి లాగగలిగేది 1,000 పౌండ్లే. పడవను ట్రైలరు మీద కట్టి చెరువుకి లాక్కెళ్ళే అమెరికన్‌కి ఇది పనికిరాదు. గార్డెనింగ్ సామానో, ప్లంబింగ్ పైపులో వేసుకుని ఊళ్ళో తిరిగేవాడికి చాలు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ సహజంగా టాటా ఏస్ గుర్తొస్తుంది. 2005లో వచ్చిన ఆ బండి మన సందుల్లోంచి కూరగాయల బస్తాలు, పెళ్ళి సామాన్లు, వినాయకుడి విగ్రహాలు మోస్తూ పెరిగింది. దాని వంశంలోని ఏస్ ప్రో, కరెంటుతో నడిచేది, 2025లో 6.5 లక్షల రూపాయల ధరకు వచ్చింది. అది ఎనిమిది వేల డాలర్ల లోపే. మరి అమెరికావాళ్ళు ఇలాంటిది దిగుమతి చేసుకుని ఊరుకోవచ్చు కదా?

ఊరుకోలేరు. భద్రతా ప్రమాణాల సంగతి ఒకటి, కోడి సంగతి మరొకటి. అమెరికా కోడిమాంసం మీద యూరపు దేశాలు సుంకం పెంచినందుకు బదులుగా, 1964లో ప్రెసిడెంట్ జాన్సన్ హయాంలో దిగుమతి అయ్యే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం పడింది. కోడి తగాదా చల్లారిపోయినా ట్రక్కు సుంకం మిగిలింది. దాన్ని తప్పించుకోవడానికి ఫోర్డు కంపెనీ టర్కీలో తయారైన తన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లకు వెనక సీట్లు బిగించి, ప్రయాణికుల బండ్లుగా రేవులో దింపి, దిగాక ఆ సీట్లు పీకేసేది. చివరికి 2024లో 365 మిలియన్ డాలర్లు కట్టి ప్రభుత్వంతో రాజీపడింది. సుంకం గోడ చాటున చిన్న ట్రక్కు చిక్కిపోయింది, పెద్ద ట్రక్కు ఇంకా పెద్దదయింది. స్లేట్ తన బండిని ఇండియానా రాష్ట్రంలోని వార్సాలో, ఒకప్పటి అచ్చాఫీసు భవనంలో కట్టాలనుకోవడంలో ఈ కథ కూడా ఉంది.

అంగడేల నడుమ: తయారు చేసినవాడికీ కొనేవాడికీ మధ్య డీలరెందుకని ఆక్షేపం. పద్యంలో అన్నిటికన్నా దుర్ఘటమైన పాదం ఇదే, ఎందుకంటే దీనికి అడ్డు వ్యాకరణం కాదు, శాసనం. అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో కొత్త కారును కంపెనీ నేరుగా అమ్మరాదు, ఫ్రాంచైజీ డీలరు చేతి మీదుగానే పోవాలి. ఇదేదో డీలర్ల కుట్ర అనుకుంటే పొరపాటు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో డెట్రాయిట్ కంపెనీలు అమ్ముడుపోని కార్లను డీలర్ల నెత్తిన రుద్ది, కాదంటే ఏజెన్సీ పీకేస్తామని బెదిరించేవి. ఆ డీలర్లు కోర్టుకెక్కగలిగేలా 1956లో దేశ చట్టమే వచ్చింది; రాష్ట్రాలు తమ చట్టాలు తాము చేసుకున్నాయి. అప్పటి బాధితుడు ఇప్పుడు ద్వారపాలకుడయ్యాడు. చిప్పుల కొరత వచ్చిన 2021, 22ల్లో కంపెనీ ధర చీటీ పక్కనే 'మార్కెట్ సర్దుబాటు' అని ఇంకో చీటీ అంటించి వేలకు వేలు అదనంగా గుంజిన డీలర్లను అక్కడివాళ్ళు ఇంకా తిట్టుకుంటూనే ఉన్నారు.

ఉదాహరణకు టెక్సాస్. టెస్లా ప్రధాన కార్యాలయం 2021లో ఆస్టిన్‌కి మారింది, సైబర్‌ట్రక్కు అక్కడే తయారవుతుంది. అయినా ఆ రాష్ట్రంలో టెస్లా పెట్టుకున్నవి 'గ్యాలరీ'లు. బండి చుట్టూ తిరగొచ్చు, తలుపు తీసి చూడొచ్చు. ధర మాట ఎత్తితే అక్కడి ఉద్యోగి ఇంటర్నెట్ వైపు చూపించాలి. పక్క వీధి ఫ్యాక్టరీలో తయారైన బండిని పరాయి రాష్ట్రం నుంచి తెప్పించుకున్నట్టు కాగితాల మీద లెక్క. ఫ్రిస్కోలో, ప్లేనోలో ఇళ్ళు కొనుక్కున్న తెలుగువాళ్ళు ఈ తంతు గడిచినవాళ్ళే. స్లేట్ ముఖ్య కార్యాలయం ఉన్న మిషిగన్ మరీ చోద్యం: నేరుగా అమ్మడం మీద నిషేధాన్ని 2014లో ఇంకా బిగించిన రాష్ట్రమది. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టించి బండి చేరవేస్తామనీ, మరమ్మతులకు రిపేర్‌పాల్ అనే సంస్థ గొలుసులోని వేల మామూలు గ్యారేజీలను వాడుకుంటామనీ స్లేట్ అంటోంది. 'ఏల?' అని కవి అడగడం తేలిక, యాభై రాష్ట్రాల్లో జవాబు చెప్పించుకోవడం కష్టం.

నద్దెలు నెలకేల: కొన్న వస్తువుకే నెలనెలా అద్దె కట్టడమేమిటని భావం. అతిశయోక్తి అలంకారమని కొందరు పొరబడతారు గాని ఇది స్వభావోక్తి. 2022లో బీఎండబ్ల్యూ దక్షిణ కొరియా వంటి దేశాల్లో సీటు వెచ్చబడే సౌకర్యాన్ని నెలకు సుమారు 18 డాలర్ల చందా మీద ఇచ్చింది. వెచ్చబరిచే తీగ అప్పటికే సీటు కింద ఉంది, కొన్నవాడు దాని మీదే కూర్చున్నాడు. చందా కడితే గాని కరెంటు పారదు. నవ్వుల పాలై మరుసటి ఏడాది మానుకుంది. అదే 2022లో మెర్సిడెస్ తన ఎలక్ట్రిక్ కార్లు మరికాస్త చురుగ్గా ఉరకడానికి ఏడాదికి 1,200 డాలర్ల వెల కట్టింది. అంటే గుర్రం మీదే, దౌడు మాత్రం మాది.

అద్దెకు ఇంకో రూపం కూడా ఉంది. బండి ఎంత వేగంతో పోయింది, ఎప్పుడు గట్టిగా బ్రేకు పడింది అన్న వివరాలను సరైన అనుమతి లేకుండా పోగుచేసి అమ్మిందన్న అభియోగం మీద జనరల్ మోటార్స్‌తో అమెరికా వాణిజ్య కమిషన్ 2025 జనవరిలో ఒప్పందం ప్రకటించింది. అలాంటి సమాచారం వినియోగదారుల నివేదికల సంస్థలకు ఐదేళ్ళపాటు ఇవ్వకూడదు.

స్లేట్‌లో సీటు వెచ్చదనాన్ని తెర మీద తాళం వేసి అమ్ముదామంటే తాళం వేయడానికి తెరే లేదు. మొదటి రెండు పాదాల్లోని లేమి మూడో పాదానికి హేతువవుతుందన్నమాట. అయితే పాట వినే ఫోను యాప్‌కి నెలనెలా చందా పోతూనే ఉంది కదా అని అడిగే కుర్రవాడొకడు ప్రతి సభలోనూ ఉంటాడు. వాడికి సమాధానం లేదు.

కొన్నవాఁడె బండి కొక్క రాజు: రాచరికపు చిహ్నాలు ముందు చెప్పుకుందాం. వందకు పైగా ఉపకరణాల్లోంచి కావలసింది ఏరుకుని, ట్రక్కు వెనక భాగాన్ని కిట్‌తో మూసేసి, సీటు బిగించి, అయిదుగురు కూర్చునే ఎస్‌యూవీగా మార్చుకోవచ్చు. ఆ కిట్‌లో రక్షణ చట్రం, ఎయిర్‌బ్యాగులు కూడా వస్తాయి. ఇష్టం లేకపోతే విప్పి మళ్ళీ ట్రక్కు చేసుకోవచ్చు.

ఇక రాజ్యం వెల. ఇక్కడ పాఠభేదాలున్నాయి. 2025 ఏప్రిల్ నాటి ప్రతిలో 'ఇరవై వేల డాలర్ల లోపు' అని పాఠం. అందులో ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ కలిసి ఉంది. జూలై 4న సంతకమైన చట్టం ఆ రాయితీని సెప్టెంబరు 30తో ఆపేసింది. అనంతర ప్రతుల్లో 'ఇరవై అయిదు వేల ప్రాంతం' అని కనిపిస్తుంది. అమెరికాలో కొత్త కారు సగటు ధర ఆ సెప్టెంబరులోనే యాభై వేల డాలర్లు దాటింది కనుక రెండో పాఠం కూడా చవకే. కాకపోతే ఈ జాతి గ్రంథాలన్నిటికీ పాఠభేదాల జబ్బుంది. ఫోర్డు ఎఫ్-150 లైట్నింగ్ 2021లో 39,974 డాలర్లతో మొదలై 2023 మార్చికల్లా 59,974కు ఎగబాకింది. 2025 డిసెంబరులో దాని తయారీకే మంగళం పాడారు. సైబర్‌ట్రక్కు 2019లో 39,900 అన్నారు, 2023లో అమ్మకానికి వచ్చేసరికి 60,990.

'కొన్నవాఁడె' అన్నది భూతకాలం. ఇక్కడ కవి తొందరపడ్డాడు. 2025లో లక్షమందికి పైగా చేసింది కొనడం కాదు, యాభై డాలర్లు కట్టి పేరు రాయించుకోవడం. ఒహాయోలో లార్డ్స్‌టౌన్ మోటార్స్ కూడా తన ఎలక్ట్రిక్ పికప్‌కి లక్ష ముందస్తు ఆర్డర్లున్నాయని చాటుకుంది. 2023 జూన్‌లో దివాలా తీసింది. స్లేట్ వెనక బెజోస్ లాంటివాళ్ళ డబ్బుంది కాబట్టి గతి అదే అవుతుందనడం అన్యాయం. 2026 చివరికి బండ్లు చేతికిస్తామన్నది కంపెనీ పెట్టిన ముహూర్తం. అంతవరకు ఇతడు యువరాజు. ఈలోగా మనసు మారితే యాభై డాలర్లూ వెనక్కి ఇస్తారు.