పెన్ను ముంచితే మందు తేలుతుందా?

“టీడీఎస్ అరవై, నీళ్లు సేఫ్.” కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఆర్వో ప్లాంటు వాళ్ల నుంచి ఫిల్టర్లు అమ్మేవాళ్ల దాకా అందరి జేబుల్లోనూ ఇప్పుడు అదే టీడీఎస్ పెన్ను. గ్లాసులో ముంచడం, అంకె చూపడం, క్యాన్ దించడం. ఆ పెన్ను చూసేదల్లా నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందనే. దాన్నిబట్టి కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అంచనా కడుతుంది. పురుగుమందుల లెక్క మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల్లో నడుస్తుంది. తాగునీటిలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటకూడదు. పది కలిపి చూడండి, పెన్ను అదే అరవై చూపిస్తుంది. ధాన్యం కాటా మీద నిలబెట్టి జ్వరం చూసినట్టే. ఆర్వో పొర చాలా మందుల్ని ఆపుతుంది కదా అంటారు. ఆపుతుంది, పొర బాగుంటే. కానీ ఆపిందో లేదో చెప్పేది పెన్ను కాదు. ఇక ఊళ్లో నీటి పరీక్ష కిట్టు పెట్టె ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, క్లోరిన్ చూస్తుంది. మంచిదే. పురుగుమందుల్ని పట్టే సీసా మాత్రం అందులో లేదు.

వెతకనిదాన్ని “లేదు” అనడం పరీక్ష కాదు, మోసం. కొలిచే గీత కూడా ఒక్కటి కాదు. 2003లో ఢిల్లీ, ముంబైల సీసా నీళ్లలో మందులు బయటపడి గొడవైతే, సీసాకు గీత బిగించారు: ఏ ఒక్క మందూ 0.1 మైక్రోగ్రాము దాటొద్దు, అన్నీ కలిపి 0.5. కుళాయి నీళ్ల ప్రమాణం ఐఎస్ 10500లో బ్యూటాక్లోర్‌కు 125. వరినాట్లయ్యాక మడుల్లో చల్లే కలుపుమందు ఇది. అదే గొంతు, 1250 రెట్ల తేడా. గ్లైఫోసేట్‌ను 2018లో తెలంగాణ రాష్ట్రమే కట్టడి చేసింది. పత్తి చేలల్లో కొట్టే ఆ గడ్డిమందు పేరు ఐఎస్ 10500 మందుల జాబితాలోనే లేదు. సుప్రీంకోర్టు 2011లో ఆపించిన ఎండోసల్ఫాన్ మాత్రం అందులో భద్రంగా ఉంది.

నీళ్లలో మందుల ఆనవాలు పట్టే క్రొమటోగ్రఫీ యంత్రాలు ఖరీదు, ఊరూరా పెట్టలేం అంటారు. ఊరూరా పెట్టమన్నదెవరు? తొలకరి వరదకు మానేరు డ్యాం నీళ్లు, మందులు కొట్టే నెలల్లో పత్తి చేల పక్క బోర్ల నీళ్లు నాలుగు సీసాలు పెద్ద ల్యాబుకు పంపితే మొదలవుతుంది. ఏ మందు కోసం వెతకాలో తెలియదంటే, వానాకాలంలో ఏ పురుగుమందుల షాపు బిల్లు బుక్కు తెరిచినా పేర్లన్నీ ఉంటాయి, ఎన్ని లీటర్లు పోయాయో కూడా.