వాహన ప్రత్యర్పణ సూత్రమునకు టీకా తాత్పర్యములు

అవతారిక. బండి నద్దెకిచ్చువారు పూర్వము తాళపుచెవి చేతిలో బెట్టి, "సాయంత్రానికి తెచ్చెయ్యండి సార్" అని ఒక్క ముక్క చెప్పి ఊరకుండెడివారు. ఆ ముక్క స్థానమున నిప్పుడొక శాసనము వెలసినది. విద్యుత్తుతో నడచు కార్లను గంటల లెక్కన పదిమందికి పంచియిచ్చు నొకానొక సంస్థవారు, తమ యాప్‌లో ప్రథమప్రవేశము చేసిన నాయొద్ద ఆధారుకార్డును, డ్రైవింగు లైసెన్సును, తుదకు ముఖమును గూడ ఫోటోరూపమున గైకొని, డిపాజిట్టు సొమ్మును జమకట్టుకొన్న పిదప, ఈ క్రింది వాక్యమును ప్రసాదించి, "అంగీకరించితిని" అను మీటను నొక్కుమని యాజ్ఞాపించిరి. ఇంతటి గంభీరవాక్యము వ్యాఖ్యాతలేక యనాథయై యుండుట సహింపరానిది గనుక ఈ పూనిక.

మూలము. "గౌరవనీయ అతిథీ! వాహనమును మీరు స్వీకరించిన స్థితిలోనే, స్వీకరించిన ఛార్జితోనే తిరిగి అప్పగించవలెను. అన్యథా తగు రుసుము వసూలు చేయబడును."

టీక. వాహనము, స్వీకరించు, అప్పగించు ఇత్యాదులు స్పష్టములు. తిథినియమము లేక వచ్చువాడు అతిథి యని పెద్దలు. వచ్చు నిమిషమును పోవు నిమిషమును ముందుగనే వ్రాయించుకొని, అరగంట జాగైన నపరాధరుసుము విధించు నీ యింటివా రే యర్థమున ఆ పదమును వాడిరో వారికే యెఱుక. ఇక నీ శాస్త్రమునకు గురుపరంపర కలదా యన్నచో, కలదు. 1974వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డామ్ నగరమున లూడ్ స్కిమ్మెల్‌పెన్నింక్ అనునాతడు విట్‌కార్ అను పేర, ఇద్దఱు మాత్రమే కూర్చుండదగిన తెల్లని విద్యుద్వాహనములను సభ్యులందఱు వంతులవారీగా వాడుకొను నేర్పాటు చేసియుండెను. 2011లో పారిస్‌లో వెలసిన ఆటోలిబ్ అను నిట్టి యేర్పాటే 2018లో అప్పులలో మునిగి అస్తమించినది. ఇవి ప్రకృతమున కంతగా నుపకరింపవు. మల్లినాథసూరియే యైనచో వీనిని వ్రాసియుండడు.

మల్లినాథుడనగా జ్ఞప్తికి వచ్చినది. ఆధారములేని మాట యొక్కటియు వ్రాయననియు, అక్కఱలేని మాట యొక్కటియు పలుకననియు ప్రతిజ్ఞచేసి, ఆ ప్రతిజ్ఞను పంచమహాకావ్యముల పొడవునను నిలుపుకొన్న మహానుభావుడు మన తెలుగువాడు. కోలాచలమను నాతని యింటిపేరు మెదకుసీమలోని కొల్చారమునుండి వచ్చినది. నేనీ బండిని గైకొన్నదియు నా కొల్చారము చూచివచ్చుటకే. దుర్వ్యాఖ్యలను విషముచే మూర్ఛిల్లిన కాళిదాసుని వాక్కునకు ప్రాణము పోయుటకై తన టీకకు సంజీవని యని పేరిడినవాడు, భారవికావ్యమునకు వ్రాసినదానికి ఘంటాపథమని పేరిడెను. ఏనుగులు గంటలు మ్రోగించుకొనుచు నడచుటకు దగిన విశాలరాజమార్గము ఘంటాపథము. కొండలవలె క్రిక్కిఱిసిన భారవిపదములనడుమ ఏనుగు పోదగిన బాటవేసితినని చెప్పుకొనుటలో నెంత ధీమా! ఆ ధీమాకు దగిన బాటయు నతడు వేసినాడు. అన్వయము తప్పిన విద్యార్థి చేయి పట్టుకొని, ఈ పదము నీతో గలుపుము, ఈ సమాస మిట విడదీయుము, ఈ యర్థమున కమరము సాక్షి, అని నడిపించుటయే గాని, తన పాండిత్యమును చూడుమని దారిలో నెన్నడును నిలువబెట్టడు. బాలానగరు దాటి, నర్సాపురపు టడవిలో కోతులకు దారి యిచ్చుచు, నేనా త్రోవను బోవుచుండ, చప్పుడు చేయని యీ బండి రాకను గుర్తింపని గేదెలు నడిరోడ్డున నెమరువేయుచు నిలిచినవి. ఘంటాపథమున గంట యెందు కవసరమో నాకప్పుడు తెలిసినది. బండి మాత్రము నిజముగా హాయిగా నడచినది. గేరు లేదు, పొగ లేదు, కుదుపు లేదు. ఈ వాక్యమును సంస్థవారు ప్రకటనలలో వాడుకొనరాదు.

ప్రకృతము ననుసరింతము. "స్వీకరించిన స్థితిలోనే." సమస్తమును క్షణికమని బౌద్ధులు వాదింతురు గనుక వారి మతమున నీ నిబంధనను బ్రహ్మకైనను పాటింపశక్యము గాదు. మనము నైయాయికుల ననుసరించి, ఉదయము చూచిన బండియే సాయంత్రపు బండి యని యంగీకరింతము. అయినను చిక్కు తీఱదు. బయలుదేఱుటకు ముందు నలువైపుల ఫోటోలు తీసి పంపవలెనని విధి. బండి యున్నది కూకట్‌పల్లిలో నొక యపార్టుమెంటు సెల్లారున. అచట నొక బల్బు, అదియు లిఫ్టువద్ద. తలుపు తెఱచుటకే ఫోనునకు సిగ్నలు దొరకక, నేను ర్యాంపుపైకి బోయి, మీట నొక్కి, మరల దిగివచ్చితిని. అట్టి చీకటిలో తీసిన ఫోటోలో కుడితలుపుపై గీత కనబడలేదు. ఎండలో తిరిగి తెచ్చిన పిదప తీసిన ఫోటోలో కనబడినది. కావున గీత నాచేతిలో జన్మించినదని సంస్థవారి నిర్ణయము.

ఇచ్చట తర్కము కొంత యవసరము. తెలుగువాడేయైన అన్నంభట్టు తర్కసంగ్రహమున అభావమును నాలుగు విధములుగా విభజించెను. వస్తువు పుట్టుటకు పూర్వము దాని లేమి ప్రాగభావము. ఉదయమున గీతకు ప్రాగభావము కలదని సంస్థవారి వాదము. ప్రమాణ మేమనగా, కనబడలేదు గనుక. అభావమును తెలిసికొనుటకు అనుపలబ్ధి, అనగా కనబడకుండుట, వేఱే ప్రమాణమని భాట్టమీమాంసకు లన్నారు, అక్కఱలేదు, ప్రత్యక్షమే చాలునని నైయాయికు లన్నారు, శతాబ్దములు పోట్లాడినారు. అయితే ఉన్నచో కనబడి తీరవలసినది కనబడనప్పుడే లేదనవలెనని ఇరుపక్షములవారు నొప్పుకొన్నారు. చీకటి కొట్టులో కుండ కనబడకుండుట కుండ లేదనుటకు సాక్ష్యము కాదని తర్కశాల గడప త్రొక్కిన బాలుడును చెప్పును. సెల్లారులో దీపము పెట్టనివాడు ఫోటోను సాక్షిగా పిలువరాదు. ఇది పరిహాసము గాదు. నా డిపాజిట్టునుండి రెండువేల రూపాయలు పోయినవి.

"స్వీకరించిన ఛార్జితోనే." బండి యెన్ని కిలోమీటర్లు పోవునో చెప్పు సంఖ్యను పరీక్షాశాలలో రోలర్లపై నడిపి నిర్ణయింతురు, రోలర్లపై గేదెలుండవు, మెట్టలుండవు, వైశాఖమాసపు ఏసీ యుండదు. తగ్గినదానిని నింపుద మన్నచో, త్రోవలోని యొక్కొక్క ఛార్జింగు కేంద్రమునకు నొక్కొక్క యాప్, అందొక వాలెట్టు, ఆ వాలెట్టులో ముందుగా వేయవలసిన సొమ్ము, మిగిలినది మరల నచటికి వచ్చినప్పుడు వాడుకొనుమను నుపదేశము. పెట్రోలు బంకున నోటిచ్చి పోయించుకొని పోవు మానవుని కిన్ని ఖాతా లెన్నడును లేవు.

తాత్పర్యము. బండికి కలిగిన దెల్ల మీవలన కలిగినదే, కాదందురేని నిరూపింపుడు.

విశేషము. "వసూలు చేయబడును" అనునది కర్మణిప్రయోగము. ఇట్టిచోట కర్త "చేత" అను తృతీయావిభక్తిలో నుండవలెను. ఇచ్చట నే విభక్తిలోను లేడు. అధ్యాహారము చేయుదమని ఫోను చేసితిని. యంత్రము భాష నెంచుకొమ్మన్నది, తెలుగు నెంచుకొంటిని, అది హిందీలో నిరీక్షింపుమన్నది. కౌంటరు లేదు, క్యూ లేదు, గుమాస్తాతో పనిలేదని సంస్థవారు ప్రకటించుకొందురు. సుంకము తప్పించుకొన దలచి రాత్రియెల్ల డొంకదారుల బడి తిరిగి, తెల్లవారునప్పటికి సుంకరి పాకముందే తేలిన వర్తకుని కథను ఘట్టకుటీప్రభాత న్యాయమందురు. అది యిచ్చట వర్తింపదు. ఆ వర్తకునికి తెల్లవారుసరికి సుంకరి యైన కనబడినాడు. అతనితో బేరమాడుటకు, అవసరమైన కాళ్ళు పట్టుకొనుటకు వీలుండెను. గుమాస్తా యొక్క అత్యంతాభావమును, అనగా ముక్కాలములందును లేమిని, తర్కసంగ్రహకారుడు సయిత మూహింపలేదు.

పై వాదమునంతయు, అనుపలబ్ధి సహితముగా, యాప్‌లోని ఫిర్యాదుగడిలో వ్రాసితిని. అక్షరములు మించినవనగా, భాట్టమతమును తొలగించి మరల పంపితిని. మరునాడు "మీ ఫిర్యాదు పరిష్కరింపబడినది" అని సందేశము వచ్చినది. ఇందును కర్త లేడు. రెండువేలును రాలేదు.