తాత గుర్తు

చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో మా చిన్నాన్న నడిపే మారుతి 800 మా తాతది. తాత ఆర్టీసీలో మెకానిక్. అంబాసిడర్‌కి వెనక చక్రాలే బండిని నెట్టేవి. 1983లో వచ్చిన మారుతికి ముందు చక్రాలే లాగాలి, లాగుతూనే తిరగాలి. ఆ పని చేసే సీవీ జాయింటును ఇంటి ముందే విప్పి బిగించేవాడు తాత.

ఆయన పోయాక ఒకసారి, 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో తిరుమల నుంచి దిగివస్తూ చిన్నాన్న తిరుపతిలో ఒక షెడ్డు దగ్గర ఆగాడు. జాయింటును కప్పే యాక్సిల్ బూట్ చిరిగి చక్రం లోపలంతా నల్లటి గ్రీజు.

"జాయింటు పూర్తిగా పోయుండాది సార్. దారిలో విరిగితే ప్రాణానికే ముప్పు. షాఫ్టే కొత్తది ఎయ్యాల" అన్నారు. బండిలో పిల్లలున్నారు. చిన్నాన్న మారుమాట లేకుండా డబ్బు కట్టేశాడు. పాతది అడగలేదు.

ఈమధ్య అదే బూట్ మళ్లీ పగిలింది. పాలిటెక్నిక్ చదువుతున్న చిన్నాన్న కొడుకు, మా తమ్ముడు, "కొత్త బూట్, గ్రీజు తెస్తే చాలు నాయనా, నేనే ఏస్తా" అని తాత పనిముట్ల పెట్టె తీశాడు. బండిని స్టాండ్ల మీద నిలిపి, షాఫ్టు ఊడదీసి, జాయింటును కొట్టి బయటికి తెచ్చాడు. గుండ్లను పట్టి ఉంచే కేజ్‌ని పక్కకి వంచి ఆరింటినీ ఒక్కొక్కటే తీసి, వరస తప్పకుండా పళ్లెంలో పెట్టాడు. అన్నింటినీ కిరసనాయిలుతో కడిగాడు. గుండ్లు అద్దాల్లా ఉన్నాయి. గాళ్లలో ఎక్కడా చిన్న గుంటైనా లేదు.

తిరిగి బిగించేటప్పుడే అసలు చిక్కు. ఒకదానితో ఒకటి ఒరుసుకుని అలవాటు పడ్డ భాగాలు మునుపటి చోటే కూర్చోవాలి. విప్పేముందు గుర్తు పెట్టుకోలేదే అని చిన్నాన్న కంగారు పడ్డాడు.

"గుర్తులు ముందే ఉండాయి నాయనా" అన్నాడు వాడు. కప్పు మీద ఒకటి, కేజ్ మీద ఒకటి, లోపలి చుట్టు మీద ఒకటి. మూడింటినీ ఒకే వరసకి తెచ్చి, గుండ్లు ఎక్కించి, గ్రీజు దట్టించి, బూట్‌లో గాలి వదిలి క్లాంపు బిగించాడు. జాయింటు ఎటు వంచినా మెత్తగా తిరిగింది.

"కొత్త షాఫ్టు కదా, కంపెనీవాళ్లే గుర్తులు పెట్టి పంపుంటారు" అన్నాడు చిన్నాన్న తృప్తిగా.

తమ్ముడు మాట్లాడలేదు. పెట్టెలోంచి ఒక స్పానర్ తీసి నాయన చేతిలో పెట్టాడు. దాని పిడి మీద, తాత తన ప్రతి పనిముట్టు మీదా రాయితో గీసుకున్న చిన్న వెంకన్న నామం. జాయింటు మీదున్నవీ అవే.

బండికి ఏ సామాను మార్పించినా, పాతది చేతికొచ్చాకే డబ్బు కట్టండి.