బేరింగు బాబాయి

లిఫ్టు ఎక్కగానే బాబాయి మాట ఆపేస్తారు. మనం చెబుతున్నది అమ్మాయి పెళ్లి సంగతైనా సరే, అరచెయ్యి ఎత్తి ఆగమంటారు. తల ఓరగా వంచి మూడో అంతస్తు దాకా వింటారు. తలుపు తెరుచుకున్నాక, "మోటారు వైపుది. మహా అయితే ఆర్నెల్లు" అని దిగిపోతారు. మిగిలినవాళ్లం మొహాలు చూసుకుని, మర్నాటి నుంచి మెట్లెక్కుతాం.

ఈ జాతి మనుషులు మా సింగ్‌నగర్‌లోనే కాదు, ఏ వీధికి వెళ్లినా ఒకరుంటారు. మా బాబాయి ట్రెజరీలో ముప్పయ్యేళ్లు బిల్లులకి కొర్రీలు వేసి రిటైరయ్యారు. మెకానిక్కు బిల్లు చేతికొస్తే ఆయనకి పాత దురద మొదలవుతుంది. 'లేబరు' అన్న మాట దగ్గర కలం ఆగిపోతుంది. ఆ గొడవంతా ఎందుకని తన కారు తనే విప్పుకుంటారు. డబ్బు మిగలడం మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఆయన కొన్న పానాలు తూకానికి వేస్తే ఓ పాత స్కూటరు వస్తుంది.

బేరింగుల విషయంలో ఆయనది భక్తి. నంబరు చెప్పండి, కొలత చెబుతారు. 6205 అంటే చివరి రెండంకెల్నీ అయిదుతో హెచ్చవేస్తే లోపలి బెజ్జం 25 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి ఇదే లెక్క. 02కి మాత్రం 15, 03కి 17. "అవి చంటివి, లెక్కకి లొంగవు" అంటారు ముద్దుగా. మనవడికి ఎక్కాలు ఈయనే నేర్పారు. వాడు బళ్లో "అయిదు రెళ్లు పదిహేను, అయిదు మూళ్లు పదిహేడు" అని ఒప్పజెప్పి వచ్చాడు. టీచరు కబురు పెడితే బాబాయి వెళ్లి వాదించారు కూడా.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా వీధుల్లోకి వచ్చినప్పుడు ఆయన ముందుచూపుతో కారుని ఎత్తుగా ఉన్న చోట పెట్టారు. దాంతో నీళ్లు సగం చక్రం దాకానే వచ్చాయి. అందరూ అదృష్టవంతులన్నారు. బాబాయి ఒక్కరే పెదవి విరిచారు. చక్రం మధ్యలోనే కదా బేరింగు ఉండేది! రబ్బరు సీలు వర్షానికి ఆగుతుంది గానీ రోజుల తరబడి నానితే ఆగదు. నీరు చేరితే గ్రీజు చెడుతుంది, గుండ్లకి తుప్పు పడుతుంది. ఆరోజు నుంచి ఆయన ఆ మోత కోసం చెవులు రిక్కించి ఎదురుచూశారు. కొన్ని నెలలకి వచ్చింది. ఆ సాయంత్రం ఆయన ముఖం చూడాలి, అమెరికా నుంచి కొడుకు దిగినట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇన్నర్ రింగ్ రోడ్డెక్కారు. అరవై దాటగానే కింద ఎక్కడో విమానం లేవబోతున్నట్టు ఒకటే గుయ్యిమని మోత. క్లచ్ తొక్కి బండిని ఊరికే దొర్లనిచ్చినా తగ్గలేదు. అంటే ఇంజను కాదు. ఇక ఆయన స్టీరింగు ఎడమకీ కుడికీ ఊపడం మొదలెట్టారు. ఎడమకి తిప్పితే బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే రోగం కుడివైపు. పెరిగింది. వెనక లారీ క్లీనరు తల బయటపెట్టి, పొద్దున్నే పట్టించారా అన్న అర్థం వచ్చేలా ఏదో అన్నాడు. బాబాయికి వినపడలేదు. ఆ చెవులు బేరింగుకి తప్ప దేనికీ తెరుచుకోవు.

ఆదివారం సెల్లారులో ముహూర్తం. హబ్ నట్టు విప్పేటప్పుడు చక్రం నేల మీదే ఉండాలి, బ్రేకు ఎవరో ఒకరు తొక్కి పట్టాలి. ఆ ఎవరో ఒకరు పిన్ని. ఆవిడ డ్రైవరు సీట్లో చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కుడికాలితో బ్రేకు తొక్కుతూ ఈనెలు తీస్తోంది.

"నొక్కావా?"

"నొక్కాను. కూరలోకి సరిపోయాయి, పులుసులోకీ తీయమంటారా?"

నట్టు అంచు గాడిలోకి కొట్టి ఉంటే ఉలితో లేపారు. సాకెట్టుకి రాడ్డు, రాడ్డుకి మీటరు గొట్టం తగిలించారు. బిగించేటప్పుడు రెండు వందల న్యూటన్ మీటర్లట. అంటే మీటరు గొట్టం చివర ఇరవై కిలోల బియ్యం మూట వేలాడదీసినట్టు. "తుప్పు పట్టింది కదా, దానికి మూడింతలు అనుకో. నీ బరువెంత?" అన్నారు. డెబ్భై ఎనిమిది అన్నాను. ఆయన కళ్లలో తృప్తి చూశాక నన్నెందుకు పిలిచారో తెలిసింది. గొట్టమెక్కి నిలబడ్డాను. ఓ క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఠక్కుమని చప్పుడు, నేను నేల మీద. పిన్ని అద్దంలోంచి చూసి, "అబ్బాయికి తగిలిందేమో చూడండి" అంది. "నట్టు వచ్చిందే!" అన్నారు బాబాయి.

బ్రేకు కాలిపర్‌ని దాని గొట్టం మీద వేలాడదీయకూడదని పాత పంచె చింపి స్ప్రింగుకి ఉయ్యాల కట్టారు. బేరింగు కూర్చునే నకిల్ విప్పి, హబ్‌ని కొట్టి ఊడదీస్తే బేరింగు లోపలి రింగు దానికే కరుచుకుని వచ్చింది. దాన్ని గ్రైండరుతో కోయడానికి మధ్యాహ్నం దాటింది. పాత బేరింగు చేత్తో తిప్పితే లోపల ఇసుక పోసినట్టు గరగర, కాఫీ డికాషన్ లాంటి నీళ్లు.

కొత్తది బిగుతుగా కూర్చోవాలి. అందుకని బేరింగు ముందురోజే ఫ్రీజర్లో చేరింది, నకిల్ గ్యాసు పొయ్యెక్కింది. యాభై డిగ్రీలు చల్లబడితే 72 మిల్లీమీటర్ల బేరింగు తగ్గేది మిల్లీమీటరులో వందింట నాలుగు వంతులు, సగం వెంట్రుక మందం. ఆ సగం వెంట్రుక కోసం ఇల్లంతా కాలిన గ్రీజు కంపు. ఐస్‌క్రీమ్ అనుకుని మనవడు స్టీలు డబ్బా తెరిచి ఏడ్చాడు. ఇంతా చేస్తే అది సగం దిగి, వంకరగా ఆగింది. బాబాయి సుత్తి తీశారు. ఏం చేస్తున్నారో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేదు.

మర్నాడు నా స్కూటరు మీద, నకిల్‌ని పేపర్లో చుట్టి పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఆటోనగర్ వచ్చారు. ప్రెస్ దగ్గర కుర్రాడు చూడగానే, "లోపలి రింగు మీద దెబ్బ పడింది కదా సార్" అన్నాడు. అలా కొడితే దెబ్బంతా గుండ్ల మీదికి పోయి, అవి కూర్చునే గాడిలో సొట్టలు పడతాయి. బిగించిన రోజు నుంచే మోత. కాబట్టి ఇంకో బేరింగు కొన్నాం. కుర్రాడు దాని రెండు వైపులా కాస్త ఇనప రజను చల్లాడు. ఒక వైపు అంటుకుంది. "ఇది మాగ్నెట్ సైడు, ఏబీఎస్ సెన్సరు వైపు ఉండాలి. తిరగేస్తే లైటు వెలుగుతుంది సార్" అని రజను తుడిచేసి, వెలుపలి రింగు మీద దిమ్మె పెట్టి ప్రెస్ నొక్కాడు. రెండు నిమిషాలు పట్టలేదు. నిన్న ఫ్రీజర్లోంచి వచ్చింది ఏ వైపు తిరిగి దిగిందో నేను అడగలేదు. "కుర్రాడికి తెలుసో లేదో అని చూశా" అన్నారు బాబాయి, తనంతట తనే. లేబరు మూడు వందలకి కొర్రీ వేయకుండా ఇచ్చేశారు. అది నా కళ్లతో చూశాను.

సాయంత్రానికి అంతా బిగించి మళ్లీ ఇన్నర్ రింగ్ రోడ్డు. అరవై దాటింది. పాత మోత పోయింది. నేను ఊపిరి పీల్చుకునేలోగా బాబాయి అరచెయ్యి ఎత్తారు. తల ఈసారి నా వైపు వంచారు. సన్నగా, తుమ్మెదలా, ఇంకో మోత.

"ఎడమది. కుడిదాని గోలలో ఇన్నాళ్లూ వినపడలేదురా అబ్బాయ్!"

ఇంటికెళ్లి ఆ మాటే చెప్పారు. పిన్ని ఏమీ అనలేదు. ఫ్రీజరు తెరిచి బఠాణీల పొట్లం పక్కకి జరిపింది.